విశాఖ వచ్చే చుట్టానికి ఒక వాక్యం: ప్రతిపద వ్యాఖ్యానం

మూలం

వేకువకు రేవు, పొద్దుటికి కొండ, మధ్యాహ్నానికి నీడ, సాయంత్రానికి ఒడ్డు. పళ్ళెంలోకి ఈ వేళ దొరికింది, నీళ్ళలోకి మోకాలి దాకా.

అవతారిక

విశాఖపట్నంలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాల కొరత ఉండదు. డిసెంబరు సెలవులకో, సంక్రాంతి వెళ్ళాకో, పిల్లల పరీక్షలు అయ్యాకో ఫోను మోగుతుంది. "రెండు రోజులుంటాం, ఏమేం చూడాలో రాసి పంపండి" అంటారు. స్థలాల పేర్లు రాసి పంపితే వాళ్ళు అన్నీ చూస్తారు, చాలావాటిని తప్పు వేళలో చూస్తారు. మిట్టమధ్యాహ్నం తొట్లకొండ ఎక్కి కళ్ళు తిరిగినవాళ్ళున్నారు. సాయంత్రం చేపల రేవుకు పోయి కడిగేసిన గచ్చు చూసి వచ్చినవాళ్ళున్నారు. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని ఆర్కే బీచ్‌లో చీకటి పడేదాకా కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. పై వాక్యం వాళ్ళందరి కోసం కూర్చింది. అందులో ఒక్క స్థలం పేరూ లేదు, వేళలే ఉన్నాయి. తూర్పు తీరాన ఉన్న ఊరికి పొద్దే గడియారం. ఏ వేళకు ఏది అన్నది కుదిరితే ఎక్కడికి పోవాలన్నది దానంతటదే తేలుతుంది. ఈ వ్యాఖ్యానమంతా ఆ ఒక్క సంగతికే.

వేకువకు

విశాఖలో మే నెలాఖరుకి ఐదు గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలోనే పొద్దు పొడుస్తుంది. జనవరిలో ఆరున్నర అవుతుంది. అంటే వేసవిలో వచ్చినవాళ్ళు ఆరింటికి లేస్తే అప్పటికే ఎండ మొహాన కొడుతుంది. ఇక్కడి తీరం నేరుగా ఉత్తర దక్షిణాలుగా లేదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. అందువల్ల చలికాలంలో ఆర్కే బీచ్‌లో నిలబడితే సూర్యుడు దాదాపు ఎదురుగా నీళ్ళలోంచి లేస్తాడు. వేసవిలో ఎడమకు, భీమిలి వైపుకు జరుగుతాడు. చూడదలచినవాళ్ళు నిలబడే చోటు ఆ ప్రకారం మార్చుకోవాలి.

ఈ వేళకు ఇంకో లాభం ఉంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపేసి నడిచేవాళ్ళకు వదులుతారు. రాత్రి పదింటికి హారన్లతో అదిరిన రోడ్డు ఇదేనా అనిపిస్తుంది. నడక అయ్యాక పక్కనే బండి మీద చోడి అంబలి దొరుకుతుంది. బయట రాగి అనేదాన్ని ఉత్తరాంధ్రలో చోడి అంటారు. మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలిపిన ఆ గ్లాసుడు అంబలి టిఫిను వేళ దాకా ఆపుతుంది.

రేవు

విశాఖలో రేవు అంటే రెండు. ఒకటి 1933లో తెరిచిన ఓడరేవు. దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ అలలను, గాలిని కాస్తుంది, ఆ కొండను ఆనుకునే ఓడలు లోపలికి వచ్చే కాలువ ఉంది. ఆ కాలువ నోట్లో అలల ధాటి తగ్గించడానికి అప్పట్లో రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచేశారు. ఈ రేవు లోపలికి మనల్ని పోనివ్వరు, కొండ మీంచి చూడాల్సిందే.

మూలంలో చెప్పిన రేవు రెండోది, చేపల రేవు. మరపడవలు వచ్చి సరుకు దింపడం, రాశులు పోసి వేలం పాడటం, తట్టలు, మంచు పెట్టెలు, ఆటోలు, అన్నీ పొద్దెక్కేలోగా జరిగిపోతాయి. ఏడు దాటాక వెళితే సందడి పలచబడుతుంది. కొనేదీ అమ్మేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. వేలంలో వాళ్ళ బేరం వినడానికైనా ఒకసారి వెళ్ళాలి. పాత చెప్పులు వేసుకెళ్ళండి, దారికి అడ్డం నిలబడకండి, ఫొటో తీసేముందు అడగండి. అది వాళ్ళ పనిచోటు.

ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. పెద్ద మరపడవ ఒకసారి వెళితే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటుంది. పట్టిన చేపను మంచులో పెట్టి తెస్తుంది. కాబట్టి రేవులో దిగిన ప్రతి చేపా ఆ రాత్రి పట్టింది కాదు. తెల్లారగట్ల వెళ్ళి పొద్దున్నకు తిరిగొచ్చే చేప కావాలంటే చిన్న ఫైబర్ పడవలు ఇసుక మీదికే చేరే చోటికి పోవాలి: జాలరిపేట, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, ఇంకా పైకి మంగమారిపేట. రకాలు తక్కువుంటాయి, రాశులు చిన్నవి, చేప మాత్రం ఇంకా మెరుస్తుంటుంది.

పొద్దుటికి కొండ

పొద్దుటే ఎందుకంటే ముందు కారణం ఎండ. రెండోది వెలుతురు. కైలాసగిరి మీంచి దక్షిణానికి చూస్తే ఒడ్డు వంపు తిరిగి డాల్ఫిన్ నోస్ దాకా పోతుంది. పొద్దుట సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు కనుక ఊరు, ఇసుక, కొండ అన్నిటి మీదా వెలుగు పడుతుంది. సాయంత్రం అదే చోట నిలబడితే సూర్యుడు ఊరి వెనక ఉంటాడు, అంతా నల్లటి అంచులుగానే కనిపిస్తుంది. పిల్లలుంటే రోప్‌వే ఎక్కించండి, శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫొటో ఎలాగూ తప్పదు.

మూలంలో కొండ అన్నది ఒక్క కైలాసగిరే అనుకోకూడదు. చరిత్ర మీద మక్కువ ఉంటే భీమిలి రోడ్డులో తొట్లకొండకు పోవాలి. 1976లో నౌకాదళం వాళ్ళు సర్వే చేస్తుండగా ఈ బౌద్ధారామం బయటపడింది. 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట భిక్షువులు కొండరాతిలో తొట్లు తొలిచి వాన నీళ్ళు పట్టుకున్నారు. స్తూపం, విహారం, ధ్యానం చేసుకునే చిన్న గదుల పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. కొండ మీంచి సముద్రం కేసి చూస్తే వాటికి కారణం తెలుస్తుంది: ఓడల దారికి ఎదురుగా కట్టుకున్న ఆరామం అది. పైన నీడ దాదాపు లేదు. ఎనిమిదిలోపు ఎక్కి పదిలోపు దిగాలి, నీళ్ళ సీసా మరవకూడదు.

పాత ఊరు ఇష్టపడేవాళ్ళకు మూడో దారి ఉంది. ఓడరేవు కాలువ పక్కన వరసగా మూడు చిన్న కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, దాన్ని రాస్ హిల్ అంటారు. ఇంకోదాని మీద దర్గా, మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఓడ లోపలికి వస్తున్న వేళకు అక్కడుంటే దాన్ని అంత దగ్గరగా చూసే వీలు ఊళ్ళో మరెక్కడా లేదు. దిగి వచ్చాక కురుపాం మార్కెట్, పాత టౌన్‌హాలు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. ఆ అమ్మవారికి పైకప్పు లేదు. కులమతాల పట్టింపు లేకుండా ఎవరి చేతులతో వాళ్ళే పూజ చేసుకుంటారు. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం క్యూ వీధుల్లోకి పాకుతుంది. తీరిగ్గా చూడాలంటే ఆ నెల తప్పించుకోవాలి, ఆ సందడే కావాలంటే ఆ నెలలోనే రావాలి.

మధ్యాహ్నానికి నీడ

పదకొండు నుంచి మూడున్నర దాకా బయట తిరగడం ఈ ఊళ్ళో తెలివైన పని కాదు. ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ బాధ పెడుతుంది. నీడ అన్నమాటలో మూడు ఇమిడి ఉన్నాయి: భోజనం, కాసేపు నిద్ర, తర్వాత గోడల మధ్య చూసేవి.

మొదట విశాఖ మ్యూజియం. పాత డచ్చి బంగళాలో 1991లో పెట్టారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలిన ఒకటి ఇక్కడుంది. రెండో ప్రపంచ యుద్ధం ఎక్కడో జరిగిందనుకునే పిల్లలకు ఆ ఇనుపముక్క చాలా పాఠం చెబుతుంది.

తర్వాత ఐఎన్ఎస్ కుర్సురా. సోవియట్ దేశంలో కట్టిన ఈ జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించింది. మరుసటేడు దాన్ని ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవున్నా లోపల ఒకరు ఎదురొస్తే ఇంకొకరు పక్కకు ఒదగాలి. గుండ్రటి కంతల్లోంచి కాళ్ళు ఎత్తి దాటాలి కనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను బయట కూర్చోబెట్టడం మేలు. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద నిఘా కాసింది. కుర్సురాను మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, సోమవారం సెలవు. ఒకే ఒక్క సోమవారం ఊళ్ళో ఉండేలా టికెట్లు తీసుకుని వచ్చి గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదించే చుట్టాలు ప్రతి ఏడూ ఉంటారు.

సాయంత్రానికి ఒడ్డు

ముందే చెప్పినట్టు ఇక్కడ పొద్దు సముద్రంలో కుంకదు, కొండల వెనక్కి పోతుంది. దానివల్ల వచ్చిన మేలు ఏమిటంటే, నాలుగు దాటాక రోడ్డు వెంబడి మేడల నీడ ఇసుక మీదికి జరుగుతుంది. సముద్రపు గాలి కూడా తోడవుతుంది. కూర్చోవడానికి ఇదే సమయం. సూర్యాస్తమయం లేదన్న లోటును తీర్చేది ఒకటుంది. పున్నమి నాడు, అటు పొద్దు గూకే వేళకే ఇటు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. ప్రయాణం తేదీ మీ చేతిలో ఉంటే క్యాలెండరులో పున్నమి చూసుకుని టికెట్టు కొనండి.

ఏ ఒడ్డు? జనం, బజ్జీలు, బెలూన్లు కావాలంటే ఆర్కే బీచ్. కాస్త శుభ్రత, పడవ షికారు కావాలంటే రుషికొండ. దానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. మూడు పక్కలా కొండలు, తక్కువ జనం కావాలంటే డాల్ఫిన్ నోస్ అవతల యారాడ, కానీ ఘాట్‌రోడ్డు కనుక చీకటి పడకముందే వెనక్కి మళ్ళాలి. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. దాన్ని ఆటు సమయంలో చూడాలి, పోటు మీదున్నప్పుడు దగ్గరికి పోకూడదు. ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి ఇవతలే ఉన్నాయి. గాలి, నీరు, సముద్రమట్టపు హెచ్చుతగ్గులు కలిసి వేల ఏళ్ళ మీద పోసిన ఎర్రటి ఇసుక గుట్టలవి. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. సాయంత్రపు ఏటవాలు ఎండకు వాటి రంగు బాగా తేలుతుంది. అంచులు ఎక్కి తొక్కితే కూలిపోతాయి, బాట మీదే నడవండి.

భీమిలి దాకా వెళితే గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులు, గడియార స్తంభం చూడొచ్చు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. కారు లేనివాళ్ళు దిగులు పడనక్కర్లేదు. బీచ్ రోడ్డు వెంబడి భీమిలి పోయే 900కె సిటీ బస్సులో కుడివైపు కిటికీ పక్కన సీటు దొరికితే అదే ఒక యాత్ర.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ ఆ గుడ్లను ఏరి, కంచె వేసిన చోట పొదిగిస్తుంది. పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి కనుక ఆ నెలల్లో ఇసుక మీద టార్చి, ఫోను లైటు వేయొద్దు.

పళ్ళెంలోకి ఈ వేళ దొరికింది

విశాఖలో తిండికి సూత్రం ఇదే. మెనూ కార్డు చదివి అడక్కండి, "ఇయ్యాల ఏటున్నాది?" అని అడగండి. చిన్న మెస్‌లో ఈ ప్రశ్నకు నిజం చెబుతారు.

ముందుగా కాలం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది గనుక చేప పూర్తిగా కరవవదు, ధర పెరుగుతుంది. వేసవి సెలవుల్లో వచ్చి హోటల్లో పెద్ద వంజరం ముక్కలు తిన్నవాళ్ళు అది ఎక్కడి నుంచి, ఎన్నాళ్ళ మంచులో వచ్చిందో ఆలోచించుకోవాలి. ఆ రెండు నెలలూ చిన్న చేపలే మేలు.

తర్వాత రకం. బయటివాళ్ళు వంజరం, చందువ, రొయ్యలు అడుగుతారు. వంజరాన్ని ఇక్కడి జాలర్లు కోనాం అంటారు. ముల్లు తక్కువ, వేపుడుకు బాగుంటుంది, అందుకే ఖరీదు. ఊరివాళ్ళ నాలుక మాత్రం చవక చేపల మీద ఉంటుంది. కానగంతలు, కవళ్ళు చింతపండు పులుసులో మరిగి, మర్నాటికి ఇంకా బాగుంటాయి. నెత్తళ్ళు కరకరలాడేలా వేయిస్తారు, మామిడికాయల కాలంలో పచ్చిమామిడితో కూరా చేస్తారు. పాలసొరను ఉడికించి, పొడిచేసి, అల్లం వెల్లుల్లితో వేయించే కూర బాలింతలకు పెడతారు, మిగతావాళ్ళూ వదలరు. పులస మాత్రం అడక్కండి. అది వరద నీటికి ఎదురీదే గోదావరి చేప. ఇక్కడ ఆ పేరుతో పెట్టేదాన్ని నమ్మడం మీ ఇష్టం.

కొని వండించుకునేవాళ్ళకు గుర్తులు మూడు: కన్ను ఉబ్బి మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు.

శాకాహారులకు ఈ వాక్యం వర్తించదా అంటే, బాగా వర్తిస్తుంది. వేసవిలో తాటిముంజలు, వానల్లో సింహాచలం అనాస, చలి మొదలయ్యే ముందు ఏజెన్సీ నుంచి దిగే సీతాఫలాలు, ఇవన్నీ రోడ్డు పక్కన గంపల్లో ఉంటాయి. పొద్దుట పెసరట్టు ఉప్మా, అల్లం చట్నీ. మధ్యాహ్నం భోజనంలో ఆవపెట్టిన కూర దొరికితే వదలొద్దు. పక్కనే అనకాపల్లి బెల్లపు మండీలు ఉన్న ప్రాంతం కనుక పులుసులో కాస్త తీపి తగిలితే వంటవాణ్ణి తప్పు పట్టకండి. సాయంత్రం ఒడ్డున మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మరసంతో ముంత మసాలా, టమాటాను చీల్చి కూరిన బజ్జీ. ఇంటికి పట్టుకెళ్ళడానికి మాడుగుల హల్వా. గోధుమపాలు తీసి పులియబెట్టి, నెయ్యి పోస్తూ గంటల తరబడి కలిపి చేస్తారు. రైల్లో చెడదు.

నీళ్ళలోకి మోకాలి దాకా

మూలంలో సర్దుబాటుకు వీల్లేని మాట ఇదొక్కటే. ఆర్కే బీచ్, యారాడ, భీమిలి దారిలోని చాలా ఒడ్డుల్లో నేల ఉన్నట్టుండి దిగిపోతుంది. రెండడుగుల తేడాలో మోకాలి నీరు గుండె లోతవుతుంది. దానికి తోడు ఒడ్డుకొచ్చిన నీరు ఒక సన్నటి దారి చేసుకుని జోరుగా వెనక్కి పోతుంది. పక్కన అలలు విరుగుతుంటే ఆ దారిలో నీరు నిమ్మళంగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్ళు భద్రమైన చోటనుకుని అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈది అలిసిపోకూడదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు మళ్ళాలి, చెయ్యెత్తి కేక వేయాలి. ఈత వచ్చినవాళ్ళు మునగరన్నది నిజం కాదు. స్నానం చేయాలనే ఉంటే లైఫ్‌గార్డులు కాసే చోట, వాళ్ళు చూపిన హద్దులోనే చేయాలి.

అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్ళు వాతావరణ సూచన చూసి బయల్దేరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వస్తే ఒడ్డు కార్యక్రమం రద్దు చేసుకోవాలి.

ఆక్షేపణలు, సమాధానాలు

"సింహాచలం ఏదీ?" అని పెద్దలు అడుగుతారు. అది కొండ అన్న మాటలోనే ఉంది, పొద్దుటికే వెళ్ళాలి. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనం పూతలో ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్కనాడే నిజరూప దర్శనం. భక్తితో వచ్చేవాళ్ళు ఆ రోజుకు రావాలి, ఊరు చూడవచ్చినవాళ్ళు ఆ రోజు కొండ జోలికి పోకూడదు. కళింగ దండయాత్ర సమయంలో వచ్చిన కృష్ణదేవరాయల శాసనాలు గుడిలో ఉన్నాయి, అడిగి చూడండి.

"అరకు, బొర్రా గుహలు?" వాటికి వేరే రోజు కావాలి. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే లైను మీద సొరంగాలు దాటుతూ రైల్లో పోవడమే సగం ఆనందం. దాన్ని ఊరి చూపులతో కలిపి ఒక్క పూటలో ఇరికిస్తే రెండూ చెడతాయి. బొర్రా గుహలకూ ఈ తీరానికీ ఒక చుట్టరికం ఉంది: గుహల్లోంచి పారే గోస్తనే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకరోజు అక్కడ, ఒకరోజు ఇక్కడ చూస్తే ఒక నదిని అటు కొస నుంచి ఇటు కొస దాకా చూసినట్టు.

"పిల్లలతో నాలుగున్నరకు లేవగలమా?" లేవలేకపోతే రేవు వదిలెయ్యండి. మిగతా మూడు వేళలూ అలాగే నిలబడతాయి. రేవును సాయంత్రానికి, కొండను మధ్యాహ్నానికి మాత్రం జరపకండి.

అన్వయం

ఒక్కరోజే ఉన్నవాళ్ళకు: చేపల రేవు, కైలాసగిరి, మెస్‌లో భోజనం, కుర్సురా, ఆర్కే బీచ్. రెండో రోజు దొరికితే: బీచ్ రోడ్డులో నడక, తొట్లకొండ, మధ్యాహ్నం విశ్రాంతి, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. మూడో రోజు ఉంటే సింహాచలమో అరకో ఒక్కటే. పెద్దవాళ్ళు వెంట ఉంటే రోజుకు రెండు వేళలు చాలు, పొద్దుటిదీ సాయంత్రానిదీ ఉంచుకుని మిగతావి వదిలేయండి. ఏది తగ్గించినా మధ్యాహ్నపు నిద్ర మాత్రం తగ్గించొద్దు. అది లేకుండా వచ్చే సాయంత్రానికి ఒడ్డు ఎంత బాగున్నా విసుగే.